లెస్టర్‌లో భోజనం ఎక్కడ: బెల్‌గ్రేవ్ రోడ్డా, గ్రాన్‌బీ వీధా, కరీ హౌసా?

లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో రైలెక్కితే సుమారు గంటా పది నిమిషాల్లో లెస్టర్ చేరుకోవచ్చు. రోమన్ల కాలం నాటి జ్యూరీ వాల్, పద్నాలుగో శతాబ్దం చివర మొదలైన గిల్డ్‌హాల్, 2012లో కార్ల పార్కింగ్ స్థలం కింద తవ్వకాల్లో బయటపడిన మూడవ రిచర్డ్ రాజు అస్థికలను 2015లో మళ్లీ సమాధి చేసిన కెథీడ్రల్, ఇవన్నీ ఒకదానికొకటి నడక దూరంలోనే ఉన్నాయి కాబట్టి ఉదయం దిగినవారు మధ్యాహ్నానికల్లా పాత ఊరిని చాలావరకు చూసేయవచ్చు. చిక్కు వచ్చేది ఆ తర్వాత, ఆకలి వేసినప్పుడు. ఫోనులో ఇండియన్ రెస్టారెంట్ అని వెతికితే పేర్లు కుప్పలుగా వచ్చి పడతాయి గానీ, వాటి పక్కన కనిపించే నక్షత్రాల వల్ల తేలేదేమీ ఉండదు. ధోక్లా బాగా చేసే చోటుకూ, చికెన్ టిక్కా మసాలా బాగా చేసే చోటుకూ అవే నాలుగున్నర చుక్కలుంటాయి.

ఈ ఊళ్లో ఇండియన్ అన్న ఒకే బోర్డు కింద, ఒకదానితో ఒకటి పెద్దగా సంబంధం లేని కనీసం మూడు వంటలు నడుస్తున్నాయి. మొదటిది తూర్పు ఆఫ్రికా మీదుగా వచ్చిన గుజరాతీ శాకాహారం, రెండవది కేరళ వంట, మూడవది బ్రిటన్‌లోనే పుట్టి పెరిగిన కరీ హౌస్ వంట. ముందు వంటను ఎంచుకుని, ఆ తర్వాతే హోటలును ఎంచుకోవాలన్నది నా సలహా. ఈ వరుస తిరగబడినప్పుడే, గుజరాతీ హోటలులో కూర్చుని పప్పు తియ్యగా ఉందని, కేరళ హోటలులో కూర్చుని బటర్ చికెన్ బాగాలేదని నొచ్చుకోవలసి వస్తుంది.

గుజరాతీ వంట ఇక్కడ ఇంతగా వేళ్లూనుకోవడానికి కారణం తెలిస్తే ఎంపిక సగం సులువవుతుంది. 1972 ఆగస్టులో ఉగాండా పాలకుడు ఇడీ అమీన్ అక్కడి ఆసియా వాసులకు తొంభై రోజుల గడువిచ్చి దేశం విడిచి పొమ్మన్నాడు. అప్పుడు సుమారు 28,000 మంది బ్రిటన్‌కు చేరారు. అప్పటికే కెన్యా నుంచి వచ్చిన గుజరాతీ కుటుంబాలు లెస్టర్‌లో ఉన్నాయి కాబట్టి మరింతమంది ఇటే వస్తారని భయపడిన నగర కౌన్సిల్, దయచేసి మా ఊరికి రావద్దంటూ ఉగాండా ఆర్గస్ పత్రికలో ప్రకటన వేయించింది. అయినా వేలాదిమంది వచ్చారు. పట్టణానికి ఉత్తరాన ఉన్న బెల్‌గ్రేవ్‌లో, ఒకప్పుడు కార్మికులుండిన వరుస ఇళ్లలో చేరి, అల్లిక బట్టల మిల్లుల్లోనూ టైప్‌రైటర్ల ఫ్యాక్టరీలోనూ పని చేసి, కాస్త నిలదొక్కుకోగానే కొట్లు తెరిచారు. 2021 జనాభా లెక్కల ప్రకారం నగరంలో ఆసియా మూలాలవారు 43.4 శాతం కాగా శ్వేతజాతీయులు 40.9 శాతం. అంటే బెల్‌గ్రేవ్ రోడ్డులోని హోటళ్లు ముందుగా తమవాళ్ల కోసం వండుతాయి, పర్యాటకులు ఆ తర్వాత. ఒక ఊళ్లో ఏ వంట నమ్మదగినదో తెలుసుకోవడానికి నాకు తెలిసిన గుర్తుల్లో ఇది అన్నిటికన్నా గట్టిది.

అందువల్ల ఈ ఊళ్లో ఒక్క పూట మాత్రమే తినే వీలున్నవారు బెల్‌గ్రేవ్ రోడ్డుకే వెళ్లాలి. ఊరి నడిబొడ్డున ఉన్న క్లాక్ టవర్ నుంచి పావుగంట, ఇరవై నిమిషాలు నడిస్తే రోడ్డు మొదలవుతుంది. గోల్డెన్ మైల్ అని పిలిచే ఈ వీధిలో నగల దుకాణాలు, చీరల కొట్లు, మిఠాయి దుకాణాలు, 2009లో నెలకొల్పిన గాంధీ విగ్రహం వరుసగా కనబడతాయి. ఇక్కడి శాకాహార హోటళ్లలో బాబీస్‌ది పెద్ద పేరు. 1976 నుంచి నడుస్తున్న ఈ హోటలులో పూర్తిగా శాకాహారమే ఉంటుంది, మిఠాయిలూ కారపు చిరుతిళ్లూ అమ్మే కౌంటరు కూడా ఉంది. అదే రోడ్డు మీదున్న శర్మిలీ కూడా శాకాహార హోటలే, అక్కడా మిఠాయిలకు మంచి పేరుంది. ఈ రెంటిలో ఏది అని అడిగితే, గుజరాతీ వంటను మొదటిసారి రుచి చూసేవారిని నేను బాబీస్‌కు పంపుతాను. అక్కడ బల్ల దొరక్కపోతే చలిలో బయట నిలబడటం కంటే శర్మిలీకి నడవడం మంచిదంటాను. రెంటి మధ్య ఉన్న తేడా, ఈ వీధికీ ఊరి నడిమిలోని కరీ హౌసుకూ మధ్య ఉన్న తేడాలో పదో వంతు కూడా ఉండదు.

తెలుగువారికి ఈ వంటతో వచ్చే పేచీ తీపి దగ్గరే. గుజరాతీ పప్పులో బెల్లం పడుతుంది, వేరుశనగ పలుకులు తగులుతాయి, పులుపు వెనక్కి తగ్గి ఉంటుంది. పులుసులో బెల్లం ముక్క వేసుకునే గోదావరి జిల్లాలవారు దీన్ని తియ్యటి పప్పుచారు అనుకుని సర్దుకుంటారు. గుంటూరు, రాయలసీమ నాలుకలు మాత్రం మొదటి ముద్దకే ఎదురు తిరుగుతాయి. అలాంటివారు పూర్తి థాలీతో మొదలుపెట్టకుండా చిరుతిళ్లతో మొదలుపెట్టడం మేలు. ఆవిరి మీద ఉడికించి ఆవాల తాలింపు పెట్టిన ధోక్లా, శనగపిండినీ మజ్జిగనూ కలిపి ఉడికించి పల్చగా పరచి చుట్టిన ఖాండ్వీ, చేమాకులకు పిండి పూసి చుట్ట చుట్టి ఉడికించి ముక్కలు కోసి వేయించిన పాత్రా, సొరకాయ తురుము కలిపి కాల్చిన హాండ్వో, వీటికి తోడుగా అడిగితే వేయించిన పచ్చిమిరపకాయలు కూడా తెచ్చిపెడతారు. కూరల్లో కాల్చిన వంకాయతో చేసే ఓలో మన కాల్చిన వంకాయ పచ్చడికి దగ్గరి చుట్టం. కఢీని కాస్త తియ్యని మజ్జిగ పులుసుగానూ, ఖిచడీని పులగంగానూ భావించి తింటే కొత్త వంట అనే బెరుకు పోతుంది. చలికాలంలో వెళ్లినవారు ఉంధియూ ఉందేమో తప్పకుండా అడగాలి. చిక్కుడుకాయలు, కంద జాతి దుంపలు, వంకాయలు, అరటికాయలు, మెంతికూర కలిపిన పిండి ఉండలు చేర్చి నిదానంగా మగ్గించే ఈ కూర గుజరాత్‌లో మన సంక్రాంతి రోజుల్లోనే వండుతారు. అది దొరికిన రోజున మెనూలోని మిగతా పేర్లు చదవడం అనవసరం.

ఈ మెనూల్లోనే మోగో అనే పేరు కనబడుతుంది. అది కర్రపెండలం, తూర్పు ఆఫ్రికాలో వాడుకలో ఉన్న మాట గుజరాతీల నోట లెస్టర్ దాకా వచ్చింది. దాన్ని వేలెడు ముక్కలుగా వేయించి ఉప్పూ కారం చల్లి గానీ, మసాలాలో దొర్లించి గానీ ఇస్తారు. సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాల్లో సగ్గుబియ్యం మిల్లులకు బళ్లెక్కి పోయే దుంప ఇదేనని తెలిసినవారికి దాన్నిలా చిరుతిండిగా చూడటం వింతగా ఉంటుంది. కంపాలా వంటిళ్ల జ్ఞాపకం ఇంగ్లండులో నిలిచిన చోటు ఇది కనుక బంగాళాదుంప చిప్స్‌కు బదులు దీన్ని తెప్పించుకోవాలి.

శాకాహార నియమాలు గట్టిగా పాటించేవారికి కూడా ఈ వీధే తగినది. ఇలాంటి శుద్ధ శాకాహార హోటళ్లలో గుడ్డు కూడా వాడరు. ఆక్స్‌ఫర్డ్ వీధిలోని పాత చర్చి భవనాన్ని జైన మందిరంగా మార్చుకున్న ఊరు ఇది; స్వామినారాయణ సంప్రదాయంవారూ ఎక్కువే. కాబట్టి ఉల్లి, వెల్లుల్లి లేకుండా కావాలని అడిగితే ఇక్కడివారు వింతగా చూడరు, ఏ వంటకం అలా చేయగలరో వారే చెబుతారు. కార్తీక మాసంలో ఉల్లి మానేసే తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వచ్చినవారికి ఇంతకంటే నిశ్చింత ఇంగ్లండులోని పాత నగరాల్లో మరో చోట దొరకడం కష్టం. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: దీపావళికి బెల్‌గ్రేవ్ రోడ్డు మీద దీపాలంకరణ చూడటానికి వేల సంఖ్యలో జనం వస్తారు, ఆ సాయంత్రాల్లో బల్ల దొరకాలంటే ముందుగానే చెప్పి ఉంచుకోవాలి, లేదా మధ్యాహ్నమే తినేసి రోడ్డున పడాలి.

ఇదే వీధిలోనూ, దానికి కొనసాగింపుగా ఉన్న మెల్టన్ రోడ్డులోనూ మాంసాహార హోటళ్లు కూడా ఉన్నాయి. తూర్పు ఆఫ్రికా పంజాబీ కుటుంబాల ఇళ్లలో నుంచి వచ్చిన జీరా చికెన్, ఊచలకు గుచ్చి కాల్చే మిష్కాకీ వంటివి ఉన్నాయేమో చూసి, ఉంటే అవే తెప్పించుకోవాలి. హైదరాబాదీ బిర్యానీ అని రాసి ఉన్నంత మాత్రాన లొంగిపోకూడదు. వండిన బాస్మతి అన్నాన్ని కూరతో కలిపి, పైన ఉడికించిన గుడ్డు పెట్టి ఇచ్చిన దానికి ఆ పేరు పెట్టిన చోట్లు ఈ దేశంలో నేను చాలానే చూశాను. దమ్ వేస్తారా, ఎముకతో ఉన్న ముక్కలేనా అని రెండు ప్రశ్నలు అడిగితే సంగతి బయటపడుతుంది.

ఇక కేరళ వంట. రైల్వే స్టేషన్‌కు కొద్ది నిమిషాల నడకలో, గ్రాన్‌బీ వీధిలో ఉన్న కాయల్ దీనికి పేరుపడ్డ హోటలు. బెల్‌గ్రేవ్ రోడ్డుతో పోలిస్తే ఇది ఇంకో లోకం: అక్కడ స్టీలు కంచాలు, కుటుంబాల సందడి, మిఠాయి కౌంటరు దగ్గర వరుస, ఇక్కడ తీరిగ్గా కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి తెప్పించుకునే భోజనం, దానికి తగ్గట్టు బిల్లూ కొంచెం బరువు. చేపలు, రొయ్యలు తినే తెలుగువారికి నా ఓటు ఇక్కడే. కొబ్బరిపాలలో పసుపు, పచ్చిమిర్చి, అల్లంతో సున్నితంగా వండే మీన్ మోయిలీ మన చేపల పులుసుకు అలవాటుపడ్డ నాలుకకు మొదట చప్పగా తోచవచ్చు, దానికి అప్పం జత చేస్తే తీరు మారిపోతుంది. ఘాటు కోరేవారు కుడంపులి అనే ఎండబెట్టిన పుల్లటి కాయ వేసి ఎర్రగా వండే చేపల కూర అడగాలి. చింతపండు పులుపుకూ దీని పులుపుకూ తేడా ఉంది, ఇందులో కొంచెం పొగ వాసన తగులుతుంది. కేరళవారు చేపల కూరకు జతగా పెట్టుకునే కప్ప కూడా, ఆశ్చర్యమేమిటంటే, అదే కర్రపెండలం. ఒకే దుంప ఒకే ఊళ్లో మైలున్నర తేడాతో ఒకచోట ఆఫ్రికా పేరుతో వేపుడుగా, మరోచోట మలయాళం పేరుతో ఉడికించిన ముద్దగా బతుకుతోంది. రెండు పూటలు గడిపే వీలున్నవారు ఒకరోజు మోగో, మరునాడు కప్ప తిని చూడవచ్చు. నాకైతే ఈ ఊరి భోజనాల్లో ఇంతకు మించిన పోలిక కనబడలేదు.

శాకాహారులకు కేరళ హోటలులో కొబ్బరి వేసిన కలగూర అవియల్, కొబ్బరి తురుముతో చేసే వేపుడు తోరన్, నల్ల శనగలతో చేసే కడల కూర ఉంటాయి గానీ అదే వంటింట్లో మాంసం కూడా వండుతారు. కేరళ వంటలో గొడ్డుమాంసానికి కూడా చోటుంది కాబట్టి ఆ పట్టింపు ఉన్నవారు కూర్చోగానే అడిగి తెలుసుకోవాలి. కొబ్బరినూనె వాసన పడనివారూ ఆలోచించుకోవాలి, ఎందుకంటే అది లేకుండా చేయమనడం ఆ వంటను వద్దనడమే. దోసె, ఇడ్లీల మీద మనసు పోయినవారికి తమిళ పద్ధతి టిఫిన్ హోటళ్లు కూడా ఊళ్లో ఉన్నాయి. దోసె దాదాపు ఎక్కడైనా దోసెలాగే ఉంటుంది, సాంబారు మాత్రం మన ఇళ్లలోలా ఉండదు. అల్లం పచ్చడి, పెసరట్టు ఆశించి వెళ్లడం వృథా ప్రయాస.

మూడవది కరీ హౌస్. బ్రిటన్‌లో ఇండియన్ రెస్టారెంట్ అనగానే సగటు ఇంగ్లీషువారి కళ్ల ముందు మెదిలేది ఇదే. వీటిలో చాలావాటిని నడిపేది భారతీయులు కాదు, బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతం నుంచి వచ్చినవారు. ఉల్లిపాయలను చాలాసేపు ఉడికించి మెత్తగా చేసిన గ్రేవీని పెద్ద గిన్నెలో ముందే సిద్ధంగా ఉంచుకుని, ఆర్డరు వచ్చినప్పుడు దానికి మసాలా, మాంసం, క్రీమో పెరుగో చేర్చి నిమిషాల్లో పది రకాల కూరలుగా మార్చడం ఈ వంటలోని కిటుకు. పేర్లు కారం మెట్లను సూచిస్తాయి: కుర్మా అంటే కారం లేనిది, మద్రాస్ అంటే ఘాటైనది, విందాలూ ఇంకా ఘాటైనది, ఫాల్ అంటే పందెం కట్టి తినేది. ఇందులోని మద్రాస్‌కు చెన్నైతో ఏ సంబంధమూ లేదు. విందాలూ మాత్రం గోవాలో పోర్చుగీసువారి వంటకంగా మొదలై ఇక్కడికొచ్చి అసలు రూపం పోగొట్టుకుంది. 2001లో విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలాను నిజమైన బ్రిటిష్ జాతీయ వంటకం అన్నాడు. ఆ మాటను మన్నించి, దీన్ని మన వంటతో పోల్చకుండా ఇంగ్లండు వంటగానే తింటే కరీ హౌసులో పూట బాగానే గడుస్తుంది. ఇంగ్లీషు సహోద్యోగులతో సాయంత్రం బయటికి వెళ్లేటప్పుడు ఇదే సరైన చోటు, ఎందుకంటే వారికి ఆ మెనూ మనకంటే బాగా తెలుసు. ఇంటి భోజనం మీద బెంగతో ఉన్నవారు మాత్రం ఇటు వెళ్లకపోవడమే మంచిది. మిగిలిన రెండు వంటలూ మనవి కాకపోయినా బెంగ తీరుస్తాయి, ఇది ఇంకా పెంచుతుంది.

వీటికి తోడు పంజాబీలు నడిపే దేశీ పబ్బులు కొన్ని ఉన్నాయి. చిటపటలాడే పెనం మీద మిక్స్‌డ్ గ్రిల్ తెచ్చిపెడతారు, టీవీలో ఫుట్‌బాలో క్రికెట్టో నడుస్తూ ఉంటుంది. లెస్టర్‌లో చదువుకునే కుర్రకారు స్నేహితులతో వెళ్లడానికి బాగుంటుంది. పెద్దవాళ్లను తీసుకెళ్లేవారు మాత్రం సందడి ఎంతుంటుందో, అక్కడి మద్యం వాతావరణం వారికి సరిపడుతుందో లేదో చూసుకోవాలి.

ఇక ఎవరికి ఏది అన్న ప్రశ్న. చిన్నపిల్లలున్న కుటుంబం నేషనల్ స్పేస్ సెంటర్ చూడటానికి వచ్చి ఉంటే, అది బెల్‌గ్రేవ్ వైపే కనుక మళ్లీ ఊరి మధ్యకు రావలసిన పని లేదు. తీపి కలిసిన గుజరాతీ పప్పు పెద్దలకు నచ్చకపోయినా పిల్లలకు ఇట్టే నచ్చుతుంది. ఎనిమిదవ హెన్రీ రాజు దగ్గర మంత్రిగా పనిచేసిన కార్డినల్ వూల్సీ 1530లో కన్నుమూసిన మఠం శిథిలాలున్న ఆబీ పార్క్ కూడా అటువైపే కాబట్టి పార్కులో నడిచి ఆకలి పెంచుకుని బెల్‌గ్రేవ్ రోడ్డు చేరడం మంచి పద్ధతి. రైలుకు గంటన్నర మాత్రమే మిగిలినవారు బెల్‌గ్రేవ్ ఆలోచన మానుకుని స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న గ్రాన్‌బీ వీధికే పరిమితం కావాలి, ఎందుకంటే రానూపోనూ నడకకే ఆ సమయంలో సగానికి పైగా పోతుంది. ఒకరు శాకాహారి, ఒకరు చేప లేనిదే ముద్ద దిగని మనిషి అయిన దంపతులకు కేరళ హోటలే రాజీ. నలుగురైదుగురు విద్యార్థులు తక్కువ డబ్బులతో కడుపు నింపుకోవాలంటే మళ్లీ బెల్‌గ్రేవ్ రోడ్డు చిరుతిళ్లే, తలా ఒకటి తెప్పించుకుని పంచుకుంటే బిల్లు భయపెట్టదు.

ఏ హోటలుకు వెళ్లినా తలుపు మీద సున్నా నుంచి ఐదు వరకు ఉండే పరిశుభ్రత రేటింగ్ స్టిక్కర్ ఉందేమో చూడాలి. వేల్స్‌లో అది అంటించడం తప్పనిసరి, ఇంగ్లండులో కాదు. కనుక ఎక్కడా కనబడకపోతే ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ వెబ్‌సైటులో పేరు కొట్టి చూసుకోవచ్చు. మెనూలోని ధరల్లో వ్యాట్ కలిసే ఉంటుంది. బిల్లు చివర సర్వీసు చార్జీ అని పది, పన్నెండున్నర శాతం వేస్తే అది చాలాచోట్ల ఐచ్ఛికమే కాబట్టి సేవ నచ్చనప్పుడు తీసేయమని మర్యాదగా అడగవచ్చు, వేసినప్పుడు విడిగా టిప్పు ఇవ్వనక్కరలేదు. మద్యం లైసెన్సు ఉన్న చోట అడిగితే కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలన్నది నిబంధన. సీసా నీళ్లు తెస్తామంటే మొహమాటపడి తలూపకూడదు. అలర్జీలున్నవారు గుజరాతీ హోటలులో ముఖ్యంగా నువ్వులు, వేరుశనగల గురించి అడగాలి. గోధుమ పడనివారు శనగపిండి వంటకమే కదా అని ధీమా పడకూడదు, తాలింపులో వేసే పొడి ఇంగువలో తరచుగా గోధుమపిండి కలుపుతారు.

మిఠాయిలు కొనేవారు భోజనానికి ముందే కౌంటరులో ఉన్నవి ఒకసారి చూసుకోవడం మంచిది, ఆకలి తీరాక కళ్లకు ఏదీ ఆనదు. శ్రీఖండ్, పాలతో చేసినవి ఇంటికి చేరేదాకా ఆగకపోవచ్చు. ఎక్కువ రోజులు నిలవుండేవి శనగపిండితో చేసే కారప్పూసలాంటి గాంఠియా, మిక్చరులాంటి చేవ్‌డో, శనగపిండి మిఠాయి మోహన్‌థాళ్. వాటిలో మోహన్‌థాళ్ మన మైసూర్‌పాకుకు కాస్త మెత్తని చెల్లెలు అనుకుని అరకిలో కట్టించుకుంటే, సెయింట్ పాంక్రాస్ చేరేసరికి పొట్లంలో పావుకిలో మిగిలినా గొప్పే.